కాంతి సమ్మెట

అరచేతిలో పడిన ఎండకు బరువు తోచదు. అయినను కాంతి లోహమును సమ్మెట వలె మోదగలదు. 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియోడర్ మైమన్ కెంపు స్ఫటికముతో తొలి లేసరును వెలిగించిన పిదప ఈ శక్తి మానవునికి చేజిక్కినది. ఆ దెబ్బ పొరలు పొరలుగా ఉన్న పదార్థములో ఎట్లు సాగునో, అది మనకు ఎట్లు ఉపకరించునో ఈ వ్యాసములో వివరింపదలచినాము.

10 జౌళ్ల శక్తి అల్పమైనది. ఒక కిలో బరువును మీటరు ఎత్తునకు లేపుటకు చాలునంతే. కాని దానిని సెకండులో పదికోట్లవ వంతు కాలములో వెలువరించినచో ఆ క్షణమున దాని సామర్థ్యము 100 కోట్ల వాట్లు. లోహముపై నల్లరంగు పూసి, దానిపై పలుచని నీటిపొరను పారించి, ఈ స్పందమును కొద్ది మిల్లీమీటర్ల మేర కేంద్రీకరిస్తారు. కాంతి నీటిని దాటి తాకగానే నల్లరంగు ఆవిరియై, ప్లాస్మాగా మారి విజృంభిస్తుంది. నీరు దానిని అదిమిపట్టుటచే పీడనము వాతావరణ పీడనమునకు పదివేల రెట్లు మించుతుంది. కాంతి పైననే ఆగిపోతుంది. ఆ పీడనము ఆఘాత తరంగమై లోనికి చొచ్చుకొనిపోతుంది.

ఈ దెబ్బ తిన్న లోహపు పైభాగము నొక్కుడుపడి బిగిసియుండుటచే పగుళ్లు సులభముగా నోరు తెరువవు. 1970 దశకములో ఒహాయో రాష్ట్రమందలి బాటెల్ సంస్థలో ఈ పద్ధతిపై విశేషకృషి జరిగినది. 1990 దశకములో అమెరికా వారి బి-1 బాంబరు ఇంజను రెక్కలను ఇట్లే దృఢపరచినారు.

పొరల సరిహద్దు వద్ద విషయము మరింత ఆసక్తికరము. అక్కడ తరంగము చీలి కొంత ముందుకు, కొంత వెనుకకు పోతుంది. పదార్థపు సాంద్రతను అందలి ధ్వని వేగముచే హెచ్చించగా వచ్చు విలువయే ఈ పంపకమును నిర్ణయిస్తుంది. అల్యూమినియమునకు ఈ విలువ ఎపాక్సీ జిగురు కంటె ఐదారు రెట్లు అధికము. అధిక విలువ గల పొర ఎదురైనచో వెనుదిరుగు తరంగము కూడ నొక్కునదే. తక్కువ విలువ గల పొర, ముఖ్యముగా వెనుకనున్న గాలి, ఎదురైనపుడు నొక్కుడు లాగుడుగా మారి తిరిగివస్తుంది.

రైల్వే యార్డులో షంటింగు చూచినవారికి ఇది సుబోధకము. ఇంజను తాకిడి పెట్టె నుండి పెట్టెకు తోపుగా సాగుతుంది. చివరి పెట్టెకు ఆవల అడ్డు లేదు గనుక అది ముందుకు దూకి కొక్కెమును లాగుతుంది. ఆ లాగుడు ఒక్కొక్క పెట్టెను దాటి ఇంజను వైపు మరలుతుంది. నడుమ ఒక కొక్కెము బలహీనమైనచో అచ్చటనే తెగుతుంది.

విమాన భాగములలో కార్బన్ నారతో చేసిన పలకలను జిగురుతో అతికిస్తారు. అతుకులో ఖాళీ ఉన్నచో అతిధ్వని పరీక్ష కనిపెడుతుంది. కాని పొరలు తాకియుండియు గట్టిగా పట్టుకొనియుండనిచో, ఆ పరీక్షకు అంతయు నిక్షేపముగా తోస్తుంది. ప్రయాణికుల ప్రాణములు ఇట్టి అతుకులపై ఆధారపడి ఉన్నవి. అందుచే లేసరు శక్తిని తగుమాత్రముగా ప్రయోగించి, తిరిగివచ్చు తరంగముచే అతుకును లోపలినుండియే లాగి చూస్తారు. దృఢమైన అతుకు చెక్కుచెదరదు. బలహీనమైనది విడిపోయి, తరువాతి అతిధ్వని పరీక్షకు దొరికిపోతుంది.

ధ్వని వేగము, సాంద్రత, పరావర్తనము మన విద్యార్థులు పరీక్ష కొరకు వల్లించు మాటలే. ఆకాశమున ఎగురు విమానపు అతుకు నిలుచునో లేదో తేల్చునవి కూడ అవియేనని గ్రహించినచో, ఆ పాఠములను వారు మరింత శ్రద్ధతో చదువుదురని మా విశ్వాసము.