అరిటాకు చెప్పిన చీర రంగు

పొన్నూరు: పెళ్లి ఫొటోలో పెళ్లికూతురి చీర ఏ రంగు? మేనమామ ఆకుపచ్చ అంటాడు. మేనకోడలు నీలం అంటుంది. ఫొటో చూస్తే రెండూ కావు. చీర, అరిటాకు, మామిడి తోరణం, పురోహితుడి పంచె అన్నీ ఒకే ఇటుకరంగుకు తిరిగిపోయాయి.

1984 మాఘమాసంలో తీసిన ఫొటో అది. అందులోని పెళ్లికూతురు ఇప్పుడు లేరు. ఆమెకున్న ఒకే ఒక్క రంగుల ఫొటో అదే. సంవత్సరీకం నాటికి పటం కట్టించాలని కూతురు దాన్ని తెచ్చి పొన్నూరు బస్టాండు సమీపంలోని ఒక స్టూడియోలో ఇచ్చారు. మేనమామ వెంట వచ్చారు. కౌంటరు దగ్గరే ఇద్దరికీ వాదన మొదలైంది.

స్టూడియో యజమాని చీర సంగతి ఎత్తలేదు. "ముందు అరిటాకు ఎక్కడుందో చూడనివ్వండి" అన్నారు.

ఎర్రబడేది ఎందుకు?

రంగుల ఫొటో కాగితం మీద మూడు పొరలుంటాయి. ఒకటి ఆకాశనీలం లాంటి సయాన్, రెండోది ముదురు గులాబి లాంటి మెజెంటా, మూడోది పసుపు. ఫొటోలో కనిపించే సమస్త రంగులూ ఈ మూడింటి కలయికే. 1970లలోను, 1980ల తొలినాళ్లలోను వాడిన చాలా కాగితాల్లో సయాన్ బలహీనం. ఎండ తగలకుండా ఆల్బమ్‌లో దాచినా సరే, వేడికి, చెమ్మకు ముందుగా తగ్గేది అదే. అది తగ్గితే మిగిలిన రెండూ కలిసి ఎరుపు పైకి తేలుతుంది.

ఇప్పుడు ఫొటోను స్కాన్ చేసి, తగ్గిన రంగును కంప్యూటరులో పెంచవచ్చు. ఎంత పెంచాలన్నదే చిక్కు. నలభై ఏళ్ల నాటి పందిట్లోకి వెళ్లి చూసి వచ్చేవారు లేరు. అందుకే చూడకపోయినా రంగు తెలిసిన వస్తువును పట్టుకోవాలి. అరిటాకు ఏ పెళ్లిలోనైనా ఆకుపచ్చే. గడపకు పూసిన పసుపు పసుపే. ముగ్గు తెలుపే. వీటిని దారికి తెస్తే చీర తనంతట తానే దారికి వస్తుంది.

సాక్షి భావనారాయణస్వామి కొలువైన ఊరు గనుక ఈ యజమాని ఆ వస్తువులను 'సాక్షులు' అంటారు. ఫొటో చేతికి రాగానే ఆయన ముందు సాక్షులను లెక్కపెడతారు. కుంకుమ, కొబ్బరికాయ పీచు, ఇటుక గోడ, వెనుక ఎర్రబస్సు ఏదున్నా పనికి వస్తుంది. ఒక్కటి చాలదు. కనీసం మూడు కలిసి ఒకే మాట చెప్పాలి.

అబద్ధపు సాక్షులు

అన్ని వస్తువులనూ నమ్మడానికి లేదు. పంచె తెల్లగా ఉండాలని అనుకుంటాం. కానీ చాకిరేవులో నీలిమందు పెట్టిన పంచె నిజంగానే కాస్త నీలం. దాన్ని పట్టుబట్టి తెల్లగా చేస్తే ఫొటోలో మనుషులంతా కామెర్లు వచ్చినట్టు పసుపెక్కుతారు. వరి పచ్చన అంటారు. నారుమడి లేత పచ్చ, పొట్ట మీదున్న చేను ముదురు పచ్చ. ఏ నెలలో తీసిన ఫొటోనో తెలియకుండా చేను సాక్ష్యం తీసుకోకూడదు. గడ్డివాము కొత్తగా వేసినప్పుడు బంగారు రంగు, నాలుగు వానలు పడ్డాక బూడిద రంగు.

వెలుతురు కూడా మోసం చేస్తుంది. ఎర్ర షామియానా కింద కూర్చున్న వారందరి ముఖాలూ ఎర్రగానే ఉంటాయి. ఫ్లాషు పడిన ముఖం తెల్లని వెలుగులో, వెనుక గోడ బల్బు పసుపు వెలుగులో ఉంటాయి. అప్పుడు ముఖాన్ని సరిచేసి గోడను వదిలేయాలి.

అన్నిటినీ మించి మన జ్ఞాపకమే కొంత కలిపి చెబుతుంది. 1960లో అమెరికాలో బార్టల్‌సన్ అనే పరిశోధకుడు పచ్చిక, ఆకాశం, ఇటుక, చర్మం వంటి పది పరిచిత వస్తువుల రంగులు మనిషి మనసులో ఎలా ఉంటాయో పరిశీలించారు. పచ్చిక ఉన్నదానికంటే పచ్చగా, ఆకాశం ఉన్నదానికంటే నీలంగా గుర్తుంటున్నాయని తేలింది. మనసు చెప్పినంతా పెంచితే పెళ్లి ఫొటో క్యాలెండరు బొమ్మ అవుతుంది. మనసు చెప్పిన దానికి ఒక మెట్టు కింద ఆగాలన్నది యజమాని లెక్క.

"మా అమ్మ చామనఛాయే"

ఆకు పచ్చబడింది. ముగ్గు తెల్లబడింది. తెరమీద చీర మెల్లగా బయటపడింది. నెమలికంఠం రంగు. మడతలో నీలం, వెలుగు పడినచోట ఆకుపచ్చ. పందిట్లో వెలుతురులో చూసిన మేనమామ చెప్పిందీ నిజమే, చిన్నప్పుడు బీరువాలో మడతపెట్టి ఉండగా చూసిన కూతురు చెప్పిందీ నిజమే. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.

చివరికి ముఖం దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. "పటం పదిమందీ చూసేది, కాస్త తెల్లగా చేయండి" అన్నారు మేనమామ. స్టూడియోలకు ఇది రోజూ వినిపించే మాటే. కూతురు ఒప్పుకోలేదు. "వద్దు మావయ్యా, మా అమ్మ చామనఛాయే. తెల్లగా చేస్తే ఆమె కాదు" అన్నారు. యజమాని మౌజు మీద చెయ్యి తీసేశారు. సాక్షులందరిలో పెద్ద సాక్షి ఆమే గనుక ముఖం అలాగే ఉండిపోయింది.

అయితే అన్ని ఫొటోలకూ ఈ అదృష్టం ఉండదు. మిగిలిన కాస్త రంగును పెంచగలరు గానీ పూర్తిగా పోయిన రంగును తిరిగి తేలేరు. అటక మీద, రేకుల కింద, వంటింటి గోడకు ఉన్న పాత ఫొటోలను చల్లని పొడిచోటికి మార్చి, వీలైనంత త్వరగా స్కాన్ చేయించుకోవడం మంచిది. చూసినవారు ఉండగానే చీర రంగు, తీసిన నెల ఆల్బమ్‌లో ఫొటో పక్కన రాసి ఉంచితే మరీ మంచిది. అరిటాకు అన్ని ఫొటోల్లోనూ ఉండదు.