తెర కూడా నిద్రించిన కాలం

రాత్రి పదకొండు గంటలు దాటేది. వసారాలో పరచిన చాపల మీద పిల్లలు అప్పటికే గాఢనిద్రలో ఉండేవారు. చెక్కపెట్టెలోని నలుపు తెలుపు తెరపై అనౌన్సరు చేతులు జోడించి ఆ రోజుకు సెలవు తీసుకునేది. తరువాత కొంతసేపు నిలువు పట్టీలు నిశ్చలంగా నిలిచేవి. ఆపైన హోరుమనే శబ్దంతో తెరనిండా తెల్లని చుక్కలు కమ్ముకునేవి. ఇంటి పెద్ద లేచి మీట తిప్పేవాడు. తెర నడుమ ఒక వెలుగుచుక్క క్షణకాలం మిణుకుమని ఆరిపోయేది. పెట్టె తలుపులు మూసి, పైన గుడ్డ కప్పేవారు. ఆ తరువాతనే ఇల్లు నిద్రకు ఉపక్రమించేది.

1980వ దశకంలో పెరిగిన వారికి ఈ దృశ్యం కొత్తది కాదు. నేడు నలభై, యాభై ఏళ్ల వయసులో ఉన్నవారు నాటి ధారావాహికలను ఎంతగా తలచుకుంటారో, ప్రసారాలు ముగిసే ఆ నాలుగు నిమిషాలను కూడా అంతగానే తలచుకుంటారు. కార్యక్రమం మీద మమకారం సహజం. కార్యక్రమం లేకపోవడం మీద మమకారం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే, టీవీ కేంద్రాలు ఎందుకు నిద్రపోయేవో ముందు తెలుసుకోవాలి.

ముగింపు ఎందుకు అవసరమైంది?

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. నిత్య ప్రసారాలు 1965లో గాని మొదలు కాలేదు. బొంబాయి కేంద్రం 1972లో, మద్రాసు కేంద్రం 1975లో వచ్చాయి. హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న, బెంగుళూరు కేంద్రం 1981 నవంబరు 1న ప్రారంభమయ్యాయి. ఆ రోజుల్లో ప్రసారమంటే సాయంత్రం కొన్ని గంటల వ్యవహారం మాత్రమే. రోజంతా నింపడానికి సరిపడిన కార్యక్రమాలు లేవు, సిబ్బంది పరిమితం, ట్రాన్స్‌మిటర్లు వాడే విద్యుత్తు తక్కువేమీ కాదు. పైగా ఆ యంత్రాలకు విశ్రాంతి కావాలి, మరమ్మతుకు వ్యవధి కావాలి. కనుక ప్రసారానికి ఒక ఆరంభం, ఒక ముగింపు తప్పనిసరి అయ్యాయి.

తెరపై కనిపించే పట్టీలు అలంకారం కోసం పెట్టినవి కావు. కేంద్రం నుండి వెలువడే చిత్రంలో వెలుగు, రంగులు సరైన పాళ్లలో ఉన్నాయా లేదా అని ఇంజనీర్లు సరిచూసుకునే కొలబద్దలవి. వాటితోపాటు వినిపించే ఏకస్వరం ధ్వనిని సరిచూసుకోవడానికి ఉద్దేశించినది. ఇంటి కప్పుపై యాంటెన్నా నిలిపే మెకానిక్కులకు కూడా ఆ నిశ్చల చిత్రమే ఆధారం. ఒకరు పైన గొట్టం తిప్పుతుంటే, మరొకరు కింద తెర చూస్తూ "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, అక్కడే" అని కేక వేయడం ప్రతి వీధికీ పరిచయమే.

చుక్కలు ఎక్కడ నుండి వచ్చేవి?

కేంద్రం మూతపడిన తరువాత కూడా టీవీ పెట్టె ఊరకుండేది కాదు. సంకేతం బలహీనపడినకొద్దీ దానిని పెంచి చూపే ఏర్పాటు ఆ పెట్టెలోనే ఉంటుంది. అసలు సంకేతమే లేనప్పుడు ఆ ఏర్పాటు తన శక్తినంతా వినియోగించి, గాలిలో దొరికిన ప్రతి అలజడినీ పెద్దది చేసి చూపేది. పెట్టెలోని విడిభాగాల వేడి, సమీపంలోని మోటార్ల విద్యుత్ అలజడి, దూరపు మెరుపులు, ఇవన్నీ కలిసి తెల్ల చుక్కలుగా పరుగెత్తేవి. ఆ చుక్కల్లో అతిస్వల్ప భాగం విశ్వం పుట్టుకనాటి శక్తికి అవశేషం. ఆకాశంలో అన్ని దిక్కుల నుండీ వచ్చే ఆ కిరణాలను 1964లో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు తమ యాంటెన్నాలోని వదలని హోరుగానే మొదట గుర్తించారు. పల్లెటూరి వసారాలోని పాత టీవీ కూడా ఆ హోరును కొద్దిగా పట్టుకునేదన్నమాట.

మీట తిప్పగానే తెర నడుమ మిగిలే వెలుగుచుక్కకు కూడా కారణముంది. తెర వెనుక గొట్టంలో ఎలక్ట్రాన్ల ధార పైకీ కిందికీ, ఎడమకూ కుడికీ కదులుతూ బొమ్మ గీసేది. విద్యుత్తు ఆగగానే ఆ కదలిక ముందు ఆగిపోతుంది. వేడెక్కి ఉన్న గొట్టం మాత్రం మరి కొన్ని క్షణాలు ఎలక్ట్రాన్లను విడుస్తూనే ఉంటుంది. కదలిక లేని ఆ ధార ఒకేచోట పడి చుక్కగా వెలుగుతుంది. పిల్లలు ఆ చుక్క ఆరేదాకా కన్నార్పకుండా చూసేవారు.

యాంటెన్నా ఎటు తిరిగితే ఆ భాష

సరిహద్దు గ్రామాలకు ఈ కథలో ప్రత్యేక స్థానముంది. రేడియో కాలంలో వీరికి భాష కొరత అంతగా తెలియలేదు. మీడియం వేవ్ తరంగాలు రాత్రివేళ ఆకాశంలోని అయనావరణాన్ని తాకి తిరిగి భూమికి చేరుతాయి. అందుచేత చీకటి పడితే హైదరాబాదు, విజయవాడ కేంద్రాల తెలుగు పలుకులు వందల కిలోమీటర్ల దూరంలో కూడా వినవచ్చేవి. బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా ట్రాన్సిస్టరు ముల్లు కాస్త ఓపికగా తిప్పితే చాలు.

టీవీ తరంగాలు అలాంటివి కావు. అవి చూపు సాగినంత మేర తిన్నగా పోయి ఆగిపోతాయి. పది కిలోవాట్ల పెద్ద కేంద్రమైతే సుమారు నూరు కిలోమీటర్లు, వంద వాట్ల చిన్న కేంద్రమైతే పాతిక కిలోమీటర్లలోపు. కనుక ఇల్లు ఏ ట్రాన్స్‌మిటరుకు దగ్గరగా ఉంటే ఆ ట్రాన్స్‌మిటరు భాషే ఇంటి టీవీ భాష అయ్యేది. హైదరాబాదు కేంద్రం అందేచోట "చిత్రలహరి", బెంగుళూరు అందేచోట "చిత్రమంజరి", మద్రాసు అందేచోట "ఒలియుమ్ ఒళియుమ్" సినిమా పాటలు చూపేవి. కోలారు, హోసూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలకు పాటలంటే ఎక్కువగా కన్నడ పాటలో తమిళ పాటలో అయ్యాయి. తెలుగు కోసం కొందరు యాంటెన్నా గొట్టానికి మరో గొట్టం అతికి, బూస్టరు తగిలించి, గాలి అనుకూలించిన రాత్రి మసక బొమ్మతోనైనా తృప్తి పడేవారు. వేసవి రాత్రుల్లో గాలిపొరల వేడిమి మార్పు వల్ల తరంగాలు ఒక్కోసారి మామూలు హద్దు దాటి ప్రయాణిస్తాయి. తమిళనాడు తీరగ్రామాల్లో సముద్రం అవతలి శ్రీలంక రూపవాహిని కనిపించేది అందువల్లనే.

ఈ భాషా సమస్యను ఒక సంవత్సరం పాటు మరో విధంగా పరిష్కరించిన ప్రయోగం కూడా జరిగింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశాతో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. తీగల జల్లెడతో చేసిన పెద్ద గొడుగు వంటి యాంటెన్నా కింద ఊరంతా కూడేది. ఆ ఉపగ్రహం ఒకే బొమ్మతో రెండు ధ్వనులను పంపగలదు. ఒకే దృశ్యానికి ఒక ఊరిలో తెలుగు, మరొక ఊరిలో కన్నడ జోడించడం దాని వల్ల సాధ్యమైంది. గడువు తీరగానే ఉపగ్రహాన్ని తిరిగి మరలించుకున్నారు. ఆ ఏర్పాటుపైనే ఆధారపడిన గ్రామాలకు అది ఒక రాత్రి ముగింపు కాదు, ఏళ్ల తరబడి సాగిన ముగింపు.

ఒకే రాత్రికి రెండు ముగింపులు

1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం, దానితోపాటు రంగుల ప్రసారం ఆరంభమయ్యాయి. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున కొత్త ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. టీవీ చిన్న పట్టణాలకు, వాటి చుట్టుపక్కల పల్లెలకు చేరింది. అయితే వాటిలో అనేకం మొదట్లో ఢిల్లీ ప్రసారాలను అందించడానికే పరిమితమయ్యాయి. ప్రాంతీయ కేంద్రం అందేచోట కూడా సాయంత్రం మాత్రమే స్వభాష వినిపించేది. హైదరాబాదు నుండి తెలుగు వార్తలు 1983 నవంబరు 14న మొదలయ్యాయి. తొలి వార్తలు చదివిన శాంతిస్వరూప్ స్వరం ఒక తరానికి సాయంకాలపు గుర్తుగా నిలిచింది. ఆయన 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తెర ఢిల్లీకి మారేది. అది మొదటి ముగింపు. అక్కడితో తెలుగు ఆగి, హిందీ, ఇంగ్లీషు మొదలయ్యేవి. పదకొండు దాటాక వచ్చేది రెండవ ముగింపు.

మన ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది. సరిహద్దు ఇళ్లలో పగలు బడి భాష వేరు, సంత భాష వేరు, సాయంత్రం టీవీ భాష వేరు. తెర ఆరిన తరువాత మాత్రం ఇంట్లో వినిపించేది ఇంటి భాషే. "తలుపు గడియ పెట్టినావా?", "దూడకు నీళ్లు పెట్టిరా?", "రేపు తెల్లారి సంతకు పోవాల" వంటి మాటలతో రోజు ముగిసేది. మేలుకొని ఉన్న మనవడికి అవ్వ సగం చెప్పి ఆపిన కథ ఆ చీకటిలోనే పూర్తయ్యేది. శతాబ్దాల క్రితం వలస వచ్చి, ఇంట్లో తెలుగు నిలుపుకున్న కుటుంబాలకు ఆ గడియ విలువైనది. రోజులో చివరి మాట తెలుగుకే దక్కేది. దానిని ఎవరూ ప్రత్యేకంగా కేటాయించలేదు. కేంద్రం మూతపడటం వల్ల దానంతట అది దక్కింది.

ముగింపు మాయమైన తీరు

1992 అక్టోబరులో జీ టీవీ, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఊరిలో కేబుల్ తీగ స్తంభం నుండి స్తంభానికి పాకింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ తన ఉచిత డీటీహెచ్ సేవను ప్రారంభించడంతో కేబుల్ చేరని గ్రామాలకు సైతం చిన్న గొడుగుతో అనేక చానళ్లు అందాయి. ఉపగ్రహానికి రాష్ట్రాల సరిహద్దు లేదు. యాంటెన్నా తిప్పి తిప్పి అలసిన సరిహద్దు కుటుంబాలకు ఇరవైనాలుగు గంటల తెలుగు ఒక వరంగా వచ్చింది. రాయగడలోనూ, సిరొంచలోనూ హైదరాబాదు వార్తలు అదే క్షణంలో చూడగలగడం చిన్న విషయం కాదు. ఈ లాభాన్ని మరచి పాతదే బాగున్నదని అనడం న్యాయం కాదు.

పాత నేల ట్రాన్స్‌మిటర్ల కాలం కూడా గడచిపోయింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 మినహా మిగిలిన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి 31 నాటికి మూసివేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. ప్రతి రాత్రి సెలవు తీసుకున్న ఆ కేంద్రాలు చివరిసారి మూతపడిన రోజును గమనించినవారు తక్కువ. అప్పటికే ఇళ్ల కప్పులపై యాంటెన్నాలు తుప్పుపట్టి, కొన్నిచోట్ల బట్టలారవేసే తీగకు ఊతకొయ్యలుగా మారిపోయాయి.

నేటి తెరకు అలుపు లేదు. టీవీ ఆగితే చేతిలోని ఫోను మొదలవుతుంది. ఒక ఇంట్లో నలుగురుంటే నాలుగు తెరలు, నాలుగు వేళలకు నాలుగు నిద్రలు. తెలుగు వినిపించడానికి లోటు లేదు; కాని అది వినే తెలుగు. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకునే తెలుగుకు మిగిలిన వేళ కుదించుకుపోయింది. బడిలో తెలుగు లేని పిల్లలకు అవ్వతాతల మాటే పాఠ్యపుస్తకం. ఆ పాఠం జరిగే గంట ఒకప్పుడు దూరదర్శన్ వారి సమయపట్టిక వల్ల ఏ ప్రయత్నమూ లేకుండా కలిసివచ్చింది. ఇప్పుడు దానిని ఇంటివారే నిర్ణయించుకోవాలి.

చేతులు జోడించి సెలవు తీసుకునే అనౌన్సరు ఇక రాదు. పెట్టె తలుపులు మూసి గుడ్డ కప్పే పని మాత్రం ఆనాడు కూడా ఇంటి పెద్దదే. రాత్రి భోజనం అయ్యాక ఒక వేళ నిర్ణయించి, నాలుగు తెరలనూ ఒకేసారి ఆపగలిగిన ఇంట్లో అవ్వ సగంలో ఆపిన కథకు నేటికీ చోటుంటుంది.