పట్టీ ఎందుకు ఊడుతుంది?

ట్రాక్టరు వెనక తగిలించే చిన్న ట్రైలరు మీద ఇనుప చట్రం లేపి, నాలుగు వైపులా ప్లైవుడ్ కొట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగితే చక్రాల మీద ఒక గది తయారవుతుంది. టిఫిన్ అమ్మేవాళ్లు, జాతరలకు సరుకు తీసుకెళ్లేవాళ్లు ఇలాంటివి కట్టించుకుంటారు. మాక్లూర్ చుట్టుపక్కల నుంచి నిజామాబాద్‌కు, ఆర్మూర్‌కు, బోధన్‌కు వెళ్లే రోడ్ల మీద వీటికి పని బాగానే ఉంటుంది. రెండు రేకులు కలిసే చోట అతుకు కనబడకుండా, నీళ్లు దిగకుండా పైన ఒక సన్నని పట్టీ వేసి మరలు బిగిస్తారు. బాడీ కట్టేవాళ్లు దాన్ని బీడింగ్ అంటారు.

కొత్తలో అది అతుక్కునే ఉంటుంది. ఒక ఎండాకాలం, ఒక వానకాలం గడిచాక ఒక కొస లేస్తుంది. బండి కదిలితే టకటకమని కొట్టుకుంటుంది. యజమాని స్క్రూ డ్రైవరు తీసి బిగిస్తాడు. కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. ఈసారి ఇంకాస్త లావు మర ఎక్కిస్తాడు. ఆ తర్వాత ట్యూబు తెచ్చి చుట్టూ సిలికాన్ పూస్తాడు. చివరికి పట్టీని పూర్తిగా పీకి చూసేసరికి వెనకున్న చెక్క వేలు పెడితే దిగబడేలా మెత్తబడి ఉంటుంది.

ఇందులో మర తప్పు చాలా తక్కువ. మర కొరికి పట్టుకున్న చెక్క మారిపోయింది. చెక్కను మార్చినవి ఎండ, కుదుపు, నీరు. ఈ మూడూ ఏం చేశాయో చూడకుండా మర బిగించడమంటే జ్వరం చూడకుండా దుప్పటి కప్పడమే.

ముందు ఎండ సంగతి. నిజామాబాద్ జిల్లాలో మే నెలలో గాలి వేడే 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ ఎండలో నిలబెట్టిన రేకు 70 డిగ్రీల దాకా కాలుతుంది. అదే రేకు డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీలకు చల్లబడుతుంది. తేడా 58 డిగ్రీలు. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది, ఇనుము 12 వంతులు. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీకి లెక్క కడితే ఆ తేడాకు 4 మిల్లీమీటర్లు సాగాలి. దాని వెనక ఇనుప చట్రం అంతే వేడెక్కినా సాగేది 2 మిల్లీమీటర్లే. నిజానికి నీడపట్టున ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే సాగుతుంది. ప్లైవుడ్‌లో వేడికి వచ్చే మార్పు అంతకంటే స్వల్పం. ఆ మిగిలిన 2, 3 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? పట్టీ మధ్యలో ఉబ్బుతుంది, లేదా కొసల్లో ఉన్న మరలను పక్కకు నెడుతుంది. రోజూ పగలు ఒకవైపు, రాత్రి ఇంకోవైపు. ఏడాది తిరిగేసరికి మర చుట్టూ ఉన్న పీచు నలిగి గుండ్రటి రంధ్రం కోలగా మారుతుంది.

ఈ సాగుడును శత్రువుగా కాకుండా పనివాడిగా వాడుకున్నవాళ్లు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. వాళ్ల పని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. నిజాంసాగర్ 1931లో పూర్తయి కాలువల్లో నీళ్లు పారాక బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ట్రాక్టర్లు రాకముందు చెరుకును ఎక్కువగా మోసింది ఎడ్లబండే. దాని గిర్రకు నల్లతుమ్మ చెక్క, చెక్క చుట్టూ ఇనుప పట్టా. మేకు గాని మర గాని ఆ పట్టాను పట్టి ఉంచదు. దాని బిగువే దాన్ని నిలబెడుతుంది.

పని ఇలా సాగేది. వడ్లాయన గిర్రను సిద్ధం చేస్తాడు: నడుమ ఇరుసు దూరే దుంగ, దానిలో దిగిన ఆకులు, ఆకుల కొసలను కలిపే పూటీలు. కమ్మరాయన ఆ చుట్టుకొలత కంటే కొంచెం చిన్నగా పట్టాను వంచి కొసలు అతుకుతాడు. నేల మీద పట్టాను పరిచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఇనుము ఎర్రబారే వేళకు దాని వేడి 600 డిగ్రీల దగ్గర ఉంటుంది. మీటరున్నర అడ్డుకొలత ఉన్న గిర్రకు చుట్టుకొలత 4 మీటర్ల 70 సెంటీమీటర్లు. అంత వేడికి అంత పొడవు ఇనుము 3 సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. పట్టకార్లతో ఎత్తి గిర్ర మీద దించి, సుత్తులతో సర్ది, చెక్క అంటుకోకముందే నీళ్లు కుమ్మరిస్తారు. చల్లారుతూ పట్టా ముడుచుకుంటుంది. పూటీల సందులు, ఆకుల కీళ్లు కిర్రుమంటూ దగ్గరకు వస్తాయి. డజనుకు పైగా చెక్క ముక్కలు ఒకే ముక్కలా బిగుసుకుంటాయి.

అయినా ఎండాకాలం ఆ పట్టా కూడా వదులయ్యేది. ఇక్కడ కారణం వేడి కంటే తడి ఆరిపోవడం. చెక్క నిలువు పీచు వెంబడి దాదాపు మారదు. పచ్చి చెక్క పూర్తిగా ఎండినా ఆ దిశలో వెయ్యికి ఒకటి రెండు వంతులే తగ్గుతుంది. అడ్డంగా మాత్రం జాతిని బట్టి, కోతను బట్టి నూటికి పది వంతుల దాకా కుంచించుకుపోగలదు. అందుకే ఆకుల పొడవు మారదు గాని పూటీల మందం, నడుమ దుంగ లావు తగ్గుతాయి. గిర్ర ఇనుము కంటే చిన్నదవుతుంది. రైతు దాన్ని చెరువులోకి దించి నానబెట్టేవాడు. చెక్క నీళ్లు తాగి ఉబ్బి పట్టాను మళ్లీ నింపేది. అది కొన్నాళ్ల మందే. తడిసి ఆరి, తడిసి ఆరి పీచు నలుగుతుంది. అప్పుడు పట్టాను తీసి, కోసి, పొట్టి చేసి మళ్లీ నిప్పుల మీద పెట్టడమొక్కటే దారి. జబ్బు చెక్కదే అయినా మందు ఇనుముకు వేసేవారు, కొలత మళ్లీ తీసుకున్నాకే. ట్రైలరు బాగుచేసేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

రెండోది కుదుపు. మర, నట్టు, బోల్టు కుదుపుకు ఎలా వదులవుతాయన్నది జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగంతో చూపించాడు. బోల్టును దాని పొడవు వెంబడి లాగి వదిలితే పెద్దగా వదులవదు. బిగించిన రెండు రేకులూ ఒకదాని మీద ఒకటి పక్కలకు జారితేనే అసలు ప్రమాదం. మరను పట్టి ఉంచేది గాట్ల మధ్య రాపిడి. రేకు పక్కకు జారిన క్షణంలో ఆ రాపిడి జారుడును ఆపడానికే ఖర్చయిపోతుంది. తిరగకుండా ఆపడానికి ఏమీ మిగలదు. గాట్లు వాలుగా ఉంటాయి కాబట్టి మర ఆ వాలు వెంబడి వెనక్కి రవ్వంత తిరుగుతుంది. ఆ రవ్వంతే వేల కుదుపులకు మూడు నాలుగు చుట్లవుతుంది. దుకాణంలో కొనే స్ప్రింగు వాషరు ఈ పక్కజారుడును దాదాపు ఆపలేదు. నైలాన్ రింగున్న నట్టు కొంత నయం. అన్నిటికంటే మేలు రేకులు జారకుండా గట్టిగా అదిమి పట్టడం. ఎండ కోలగా చేసిన రంధ్రంలో ఆ అదుము ఉండదు. ఎండ మొదలుపెట్టిన పనిని రోడ్డు ముగిస్తుంది.

గాలి పాత్ర కూడా చిన్నది కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ముందుభాగం మీద గాలి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బరువంత నెడుతుంది. వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. ట్రాక్టరు వెనక ఇది లెక్కలోకి రాదు గాని, అదే ట్రైలరును బొలెరోకు తగిలించి జాతీయ రహదారెక్కితే ముందు మూల లేచిన పట్టీ కిందికి ఆ గాలి దూరుతుంది.

మూడోది నీరు. అన్నిటికంటే నెమ్మదిగా, ఎక్కువగా చెడగొట్టేది ఇదే. పట్టీకి, రేకుకు మధ్య అర మిల్లీమీటరు సందుంటే చాలు, తలతన్యత వల్ల నీరు ఆ సందులో దాదాపు 3 సెంటీమీటర్ల ఎత్తుకు తనంతట తానే ఎక్కుతుంది. పైనుంచి వాన పడకపోయినా కింది నుంచి తడి పాకుతుంది. లోపలికి పోయిన నీరు బయటికి రావాలంటే గాలి తగలాలి. సందులో గాలి ఆడదు.

అక్కడే మరో సంగతి మొదలవుతుంది. అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పు కలిసిన నీరుంటే అది చిన్న బ్యాటరీ. 1800లో వోల్టా రెండు లోహాల బిళ్లలు పేర్చి కరెంటు పుట్టించిన సూత్రమే ఇది. ఈ జంటలో తరిగిపోయేది అల్యూమినియం. మర చుట్టూ తెల్లటి పొడి కనబడితే అదే గుర్తు. ఇనుము తుప్పు పడితే అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది, పట్టీని లోపలి నుంచి పైకి తోస్తుంది. న్యూయార్క్ స్వేచ్ఛా ప్రతిమకు పట్టిన జబ్బు కూడా ఇదే. 1886లో నిలబెట్టిన ఆ విగ్రహానికి పైన రాగి రేకు, లోపల ఇనుప కమ్మీలు. రెండింటి మధ్య వేసిన అడ్డుపొర పాడయ్యాక ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, రాగిలోని రివెట్లను పీకేసింది. 1986 నాటికి ముగించిన మరమ్మతులో ఇనుప కమ్మీల స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టి, రాగికి తగలకుండా మధ్యలో టెఫ్లాన్ పట్టీ వేశారు. ట్రైలర్ల సంగతికే వస్తే, అమెరికాలో గ్లైడర్లు కట్టిన హాలీ బౌలస్ 1934లో తెచ్చిన ట్రైలరు, దాని దారిలో 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ అల్యూమినియం రేకును రివెట్లతో కుట్టినవి. పైతొడుగుకు, రివెట్లకు ఒకే జాతి లోహమైతే ఈ బ్యాటరీ గొడవ చాలావరకు తప్పుతుంది.

మన దగ్గర ఉప్పు ఎక్కడిదంటారా? పొటాష్ ఎరువు రసాయనికంగా పొటాషియం క్లోరైడు, అంటే ఒక ఉప్పే. బస్తా చిరిగి సందుల్లో పడ్డ పొటాష్ గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. చెరుకు రసం స్వతహాగా కొంచెం ఆమ్లగుణం కలది, పులిస్తే ఇంకా పుల్లబడుతుంది. టిఫిన్ బండికి సాంబారు, చింతపండు, ఉప్పు నీళ్లు ఎలాగూ తప్పవు.

ఇప్పుడు మరమ్మతు. లేచిన కొసను మాత్రమే బిగించకూడదు, పట్టీని మొత్తం విప్పాలి. స్క్రూ డ్రైవరు మొనతో చెక్కను అంగుళం అంగుళం పొడిచి చూడాలి. మెత్తగా దిగిన చోటల్లా కోసి గట్టి ముక్క అతకాలి. తడిగా ఉంటే ఎండలో పెట్టి ఆరనివ్వాలి, ఎన్ని రోజులైనా సరే. తొందరపడి తడి చెక్క మీద మూత వేస్తే లోపల బూజుకు ఇల్లు కట్టినట్లే. పాత సిలికాన్‌ను పూర్తిగా గీకాలి. దాని మీద రంగు పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటదు. పుల్లటి వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. లోహం దగ్గర దానికి బదులు కార్ల అద్దాలకు వాడే పాలీయురేథేన్ గాని, ఎప్పటికీ గట్టిపడని బ్యూటైల్ టేపు గాని మేలు.

పాత రంధ్రంలో లావు మర ఎక్కించవద్దు. గట్టి చెక్క సీలను జిగురుతో కొట్టి పూడ్చి, కాస్త దూరంలో కొత్త రంధ్రం వేయాలి. పట్టీలో నడిమి రంధ్రం ఒక్కటే మరకు సరిగ్గా సరిపోవాలి. మిగతావి పొడవు వెంబడి కోలగా ఉండాలి, మర తలకింద వాషరు పడాలి. అప్పుడు పట్టీ నడుమ నిలబడి అటూ ఇటూ సాగుతుంది, చెక్కను నలపదు. బిగించడం కూడా నడుమ నుంచి కొసలకు. మధ్యాహ్నపు ఎండలో కాకుండా ఉదయమో సాయంత్రమో చేస్తే పట్టీ దాని సగటు పొడవులో ఉంటుంది. రేకును రేకుకే కుట్టాలంటే అల్యూమినియం రివెట్టు వాడాలి. 4.8 మిల్లీమీటర్ల రివెట్టుకు 4.9 రంధ్రం, అంతకంటే వదులు వద్దు. ఇనుప చట్రానికి తగిలే చోట రంగు పొరో ప్లాస్టిక్ పట్టీయో అడ్డు ఉండి తీరాలి.

పై అంచుకు, పక్క అంచులకు మాత్రమే సీలు వేయాలి. పై రేకు కింది రేకు మీదికి రావాలి, పెంకుటింట్లో పెంకులు పేర్చినట్టు. కింది అంచును మూయకూడదు. చాలామంది నాలుగు వైపులా పూసి పని గట్టిగా చేశామనుకుంటారు. ఎంత బాగా మూసినా ఎక్కడో ఒక చుక్క లోపలికి పోతుంది, అది దిగిపోవడానికి కిందనే దారి ఉండాలి. మృగశిర కార్తెకు ముందే ఆ కింది సందులో దుమ్ము తీసి, ఎరువు మోసిన ప్రతిసారీ ట్రైలరును మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి.