హౌరా వంతెనకు ఇనుము ఎందుకు చాలదు?

కోల్‌కతాలో హుగ్లీ నది మీద హౌరా వంతెన 1943లో రాకపోకలకు తెరుచుకుంది. సుమారు 26,500 టన్నుల ఉక్కు. నీళ్ళలో ఒక్క స్తంభమూ లేదు! మరి ఇంత బరువు మొయ్యడానికి స్వచ్ఛమైన ఇనుము సరిపోదా? సరిపోదు. అది మెత్తన.

లోహంలో పరమాణువులు వరసగా పేర్చి ఉంటాయి. ఆ పేర్పులో అక్కడక్కడా లోపాలుంటాయి. బలం పడితే ఆ లోపాలు జరుగుతాయి, పొరలు జారతాయి, ఇనుము వంగుతుంది. కాస్త కార్బన్ కలపండి. ఆ చిన్న పరమాణువులు బండి చక్రం కింద రాయిలా సందుల్లో ఇరుక్కుని జారనివ్వవు. అదే ఉక్కు. కార్బన్ మరీ ఎక్కువైతే పెళుసు: పోత ఇనుము సుత్తిదెబ్బకే పగులుతుంది.

ఇక ఉక్కు ముక్కలను కలపడానికి ఈ వంతెనకు నట్లు, బోల్టులు లేవు, అన్నీ రివెట్లే. రివెట్‌ను ఎర్రగా కాల్చి రంధ్రంలో దూర్చి, రెండో కొసను సాగగొడతారు. చల్లారుతూ అది కుంచించుకుపోయి రేకులను బిగించేస్తుంది. నాకైతే ఇదే అసలు గమ్మత్తు.

ఇంత ఉక్కుకూ ఒక శత్రువుంది: కిళ్ళీ ఉమ్ము! తడి, గాలి తగిలిన ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పవుతుంది. పాత పేర్పు పోతుంది, పొడి రాలుతుంది. ఉమ్ము దాన్ని తొందర చేస్తుంది. అందుకే నడకదారి పక్క కడ్డీల మొదళ్ళకు ఫైబర్‌గ్లాస్ తొడుగులు వేశారు.