కాన్వెంటు బస్సా, ఊరి బడా? చీటీలు తీసి చూసిన ఆచార్యుడు

విజయవాడ: పొద్దున ఏడున్నరకల్లా కాలవ గట్ల మీద పసుపు బస్సులు బయలుదేరతాయి. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ చుట్టుపక్కల ఏ ఊరెళ్లినా ఇదే వరస. ధాన్యం డబ్బు చేతికి రాకముందే ఫీజు గడువు వస్తుంది. కౌలు రైతు అప్పు చేసైనా కడతాడు. ఊరి బడిలో ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనమూ ఉంది. అయినా పిల్లవాడు బస్సే ఎక్కుతాడు. ఇంత ఖర్చుకు చదువెంత ఎక్కువ వస్తోంది?

ఈ సంగతి ఊహతో కాక పరీక్ష పెట్టి చూసినవారు కార్తీక్ మురళీధరన్. అమెరికాలో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యులు. ఆయన పరిశోధనలో పెద్ద భాగం తెలుగు పల్లెల బళ్లలోనే జరిగింది.

2003లో ఆయన, తోటి పరిశోధకులు దేశమంతటా సర్కారు బళ్లకు చెప్పకుండా మనుషుల్ని పంపారు. నలుగురు పంతుళ్లలో ఒకరు బడిలో లేరు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరో పని మొదలుపెట్టారు. కొన్ని బళ్లలో పిల్లల మార్కులు సగటున 5 శాతానికి మించి పెరిగితే, ఆపైన ప్రతి శాతానికి పంతులుగారికి 500 రూపాయలు. మార్కులు పెరిగాయి. విశేషమేమంటే పంతుళ్ల హాజరు మాత్రం పెరగలేదు. వచ్చిన రోజున చెప్పే పాఠం పెరిగింది.

కాన్వెంటు సంగతి 2008లో ఎత్తుకున్నారు. 180 ఊళ్లు. ముందు ఊళ్లకు చీటీ, తర్వాత ఎంపికైన ఊళ్లలో దరఖాస్తు పెట్టిన పిల్లలకు చీటీ. పేరు వచ్చినవారికి ప్రయివేటు బడి ఫీజు, పుస్తకాలు, దుస్తులు ఉచితం. చీటీ ఎందుకంటారా? మామూలుగా కాన్వెంటుకు పంపేది కాస్త కలిగినవాళ్లు, చదువుకున్నవాళ్లు. మార్కులొస్తే అది బడి గొప్పో, ఇంటి గొప్పో తెలియదు. చీటీ తీస్తే ఇద్దరూ ఒకే రకం ఇళ్ల పిల్లలు.

నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెట్టారు. తెలుగులోనూ, లెక్కల్లోనూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రయివేటు పిల్లలు ముందున్నారు.

సర్కారు బడి గెలిచిందని చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఒక్కో పిల్లవాడికి సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువతోనే ప్రయివేటు బళ్లు నడిచాయి. అక్కడి పంతుళ్ల జీతాలూ అంతంతమాత్రం. తెలుగుకు, లెక్కలకు తక్కువ గంటలిచ్చి కూడా సమంగా నిలిచాయి. అంత జీతమిచ్చే సర్కారు బడి ఇంకా ముందుండాలి గదా!

ఈ విలేకరి కొడుకూ ఆ బస్సే ఎక్కుతున్నాడు. ఈ సంగతులు చదివాక వాణ్నీ, ఊరి బడికి వెళ్లే పక్కింటి పిల్లనూ అరుగు మీద కూర్చోబెట్టి ఒక తీసివేత లెక్క ఇచ్చాను. ఆ పిల్లే ముందు చేసింది. ఒక్క లెక్కతో ఏదీ తేలదు, నిజమే. ఇంట్లో ఆ మాట ఎత్తితే, "అందరి పిల్లలూ బస్సెక్కుతుంటే మనవాణ్ని ఎలా ఆపుతాం?" అన్నారు. ఫీజు మొదటి వాయిదా జూన్‌లో కట్టాలి.