మేలుకోని లాప్‌టాప్

నా దగ్గర 2007లో కొన్న లాప్‌టాప్ ఒకటి ఉంది. మా నాన్నగారి చేతిరాత వ్యాసాలను అప్పట్లో ఆర్‌టీఎస్ పద్ధతిలో, అంటే తెలుగును రోమన్ అక్షరాలతో టైపు చేసి అందులోనే దాచుకున్నాను. మరో ప్రతి తీసిపెట్టుకోలేదు. ఆ బద్ధకానికి సాకు లేదు. గత నెలలో బొత్తాం నొక్కితే దీపం కూడా వెలగలేదు.

'ఆన్ కావడం లేదు' అనే మాటలో రెండు వేరు జబ్బులు కలిసిపోతుంటాయి. ఫ్యాను తిరుగుతూ, దీపం వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే విద్యుత్తు అందుతున్నట్టే. అప్పుడు తెర మీదికి టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. బొమ్మ మసకగా కనిపిస్తే పోయింది వెనుక వెలుతురు మాత్రమే. ఏమీ కనిపించకపోతే మెమరీ పలకను తీసి మళ్ళీ గట్టిగా అమర్చి చూడవచ్చు. నాది ఈ కోవ కాదు.

రెండో జబ్బులో ముందు అనుమానించవలసింది అడాప్టరునే. 100–240 వోల్టులని దాని మీద రాసి ఉంటే అమెరికాలోని 120కీ, ఇండియాలోని 230కీ అదే సరిపోతుంది. బయటికిచ్చేది సాధారణంగా 19 వోల్టుల ప్రాంతం. మల్టీమీటరు ఆ అంకె చూపినంత మాత్రాన నిశ్చింత లేదు: ఖాళీగా ఉన్నప్పుడు సరిగా ఉండి, బరువు పడగానే కుంగిపోయే అడాప్టర్లున్నాయి. అదే వోల్టేజీ, అదే ధ్రువత్వం, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లున్న మరొక అడాప్టరుతో చూడడమే నమ్మకమైన పరీక్ష.

తరువాతిది చాలామంది మంత్రంలా పాటించే చిట్కా: అడాప్టరు, బ్యాటరీ రెండూ తీసేసి బొత్తాన్ని 30 సెకన్లు నొక్కిపట్టడం. ఇది మంత్రం కాదు. లాప్‌టాప్ బొత్తాం ఇంట్లో దీపం స్విచ్ లాగా కరెంటును నేరుగా కలపదు. యంత్రం నిద్రపోతున్నా మేలుకొని ఉండే ఒక చిన్న చిప్ ఆ నొక్కుడును గమనించి, మిగతా భాగాలకు వరుసగా విద్యుత్తు వదులుతుంది. ఆ కాపలాదారే బిగుసుకుపోతే మన నొక్కుడు వినేవారుండరు. కెపాసిటర్లలో మిగిలిన కాస్త విద్యుత్తూ ఇంకిపోతేనే అది మొదటినుంచి పని మొదలుపెడుతుంది. ఆ పిమ్మట బ్యాటరీ లేకుండా అడాప్టరు ఒక్కటే తగిలించి చూడాలి. యంత్రం లేస్తే దోషం బ్యాటరీది కావచ్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జి చేయకూడదు.

నా యంత్రం దీనికీ లొంగలేదు. పైగా పిన్ను గుచ్చగానే అడాప్టరు మీది దీపం ఆరిపోయింది, బయటికి లాగితే మళ్ళీ వెలిగింది. మరో అడాప్టరుతోనూ ఇదే తంతు. లోపల ఎక్కడో షార్టు ఉందనీ, అడాప్టరు తనను తాను కాపాడుకుంటున్నదనీ దీని అర్థం. మదర్‌బోర్డు మీద ఆ చోటు వెతికి బాగుచేయడం చేయి తిరిగినవారి పని.

నాకు కావలసింది యంత్రం కాదు, ఫైళ్ళు. అడుగున మూత విప్పితే 2.5 అంగుళాల సాటా డిస్కు సులువుగానే బయటికి వచ్చింది. యూఎస్‌బీ పెట్టెలో పెట్టి మరో కంప్యూటరుకు తగిలించాను. నిల్వ చిప్పును బోర్డుకే అతికించి, సమాచారాన్ని సంకేతపరిచే నేటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ దారి మూసుకుపోయింది.

ఫైళ్ళన్నీ ఉన్నాయి. రోమన్ అక్షరాలే కనుక పాత ఫాంటు వెతుక్కోవలసిన పని పడలేదు. నాన్నగారి మొదటి వ్యాసాన్ని నిన్న రాత్రి యూనికోడ్‌లోకి మార్చాను, ళకారాలు కొన్ని ఇంకా దిద్దాలి. ఈసారి రెండు ప్రతులు తీశాను.