వరిగడ్డికి గ్యాస్ గిరాకీ: ఒప్పందం చూసే పెట్టుబడి

మెదక్: కోతల తర్వాత పొలంలో మిగిలే వరిగడ్డి సరుకుగా మారే అవకాశం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ గ్యాస్ విధానమే ఇందుకు మూలం.

నగర గ్యాస్ సంస్థలు వాహనాలకు, ఇళ్లకు అమ్మే గ్యాస్‌లో జీవవాయువు వాటా 2025-26 నుంచి తప్పనిసరి అయింది. తొలి ఏడు 1 శాతం, 2026-27లో 3, 2027-28లో 4, 2028-29 నుంచి 5 శాతం. వరిగడ్డి, పేడ, చక్కెర మిల్లు మడ్డి దీనికి ముడిసరుకులు.

శాతాలు చూసి బయానాలు ఇచ్చేముందు కృష్ణా-గోదావరి గ్యాస్ అనుభవం గమనించాలి. డి-6 బ్లాకులో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. 2010లో రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, ఆపై పడిపోయింది. కేటాయింపులు కాగితంపై ఉన్నా గ్యాస్ అందక 2013 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పలు విద్యుత్కేంద్రాలు నిలిచిపోయాయి. కొత్త క్షేత్రాల గ్యాస్ 2020 డిసెంబరులోగాని మొదలుకాలేదు.

అక్కడ కొనేవారుండి సరుకు లేకపోయింది. ఇక్కడ సరుకుంది, కొనేవారు నికరమా అన్నదే ప్రశ్న. గ్యాస్ సంస్థ తన వాటాను మడ్డితో తయారైన వాయువుతోనూ నింపుకోవచ్చు.

గడ్డి కొద్ది వారాల్లోనే వస్తుంది, ప్లాంటుకు ఏడాదంతా కావాలి. నిల్వ ఖర్చు, తేమ తరుగు, నిప్పు భయం నిల్వదారువే. బరువు తక్కువ, చోటు ఎక్కువ కనుక దూరం పెరిగితే లారీ కిరాయే లాభాన్ని తినేస్తుంది. కరువు ఏడాది పశుగ్రాసం గిరాకీ కూడా పోటీకి వస్తుంది.

కనుక గ్యాస్ సంస్థతో ప్లాంటుకు దీర్ఘకాల అమ్మకపు ఒప్పందం ఉన్నదా, తేమ కోత ఎంత, కిరాయి ఎవరిది అన్నవి రాతపూర్వకంగా తేల్చుకున్నాకే వర్తకులు పెట్టుబడి పెట్టడం మేలు.